ముక్క టెస్టుకు పోతే

సుబ్బరత్నమ్మ కుడికాలు ఊరకే ఉండదు. మా దారాల కొట్టు ముందు బల్ల మీద కూర్చుని టీ తాగుతున్నా సరే, ఆ పాదం నేలను నొక్కుతుంది, వదులుతుంది, మళ్లీ నొక్కుతుంది. రాయదుర్గంలో జీన్స్ కుట్టే ఆడవాళ్లను చాలామందినే చూశాను గానీ, మిషన్ దిగాక కూడా మిషన్ తొక్కే మనిషి నాకు ఈమె ఒక్కతే కనిపించింది. అడిగితే నవ్వుతుంది.

"బెల్లు కొట్టినారని నాకు తెలుసు గానీ, కాలికి తెలీదన్నా."

ఆమెది ముదిగుబ్బ దగ్గర పల్లె. వాళ్ల నాయన ఏటా వేరుశనగే వేసేవాడు. వాన రాని ఏడు చెట్టు పీకితే వేరుకు మన్ను తప్ప శనగబుడ్డ కనిపించేది కాదట. ముత్యాలప్పను పెళ్లి చేసుకుని రాయదుర్గం వచ్చింది. ఆయన కాలం చేశాక, చంటిపిల్ల నందినిని చంకన వేసుకుని నాగేశ్వరయ్య సెట్టి గారి యూనిట్‌లో దారాలు కత్తిరించే పనికి చేరింది. అందరూ అన్నాలకు లేచినప్పుడు ఖాళీ మిషన్ ఎక్కి, పనికిరాని ముక్కల మీద కుట్టి కుట్టి పని నేర్చుకుంది. ఇప్పుడు ఆ యూనిట్‌లో ఏ ప్యాంటు నడుంపట్టీ అయినా ఆమె చేతి మీదుగా పోవలసిందే. నందిని ఇంటరు దాకా చదివి, అదే యూనిట్‌లో కుట్లు సరిచూసే బల్ల దగ్గర పనిచేస్తోంది.

ఇక్కడ ఆ యూనిట్ పాత గాయం ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట బెంగళూరు కంపెనీ ఒకటి పెద్ద ఆర్డరు ఇచ్చింది. సరుకంతా తయారయ్యాక కంపెనీ మనిషి వచ్చాడు. ఒక ప్యాంటు లోంచి అరచేతంత ముక్క కత్తిరించి కవర్లో వేసుకుని టెస్టుకు పంపాడు. ముక్క రంగు వదిలింది. మొత్తం సరుకు వెనక్కి వచ్చింది. ఆ ఎండాకాలమంతా యూనిట్ తలుపు తెరుచుకోలేదు. ఆడవాళ్లు కొందరు బళ్లారి వైపు మిరపకాయలు కోయడానికి పోయారు. కొందరు బెంగళూరు పోయి మళ్లీ రాలేదు. అప్పటి నుంచి ఆ యూనిట్‌లో 'ముక్క టెస్టుకు పోయింది' అంటే చెడ్డకబురు అని అర్థం. ఎవరి పిల్లకైనా సంబంధం తప్పిపోయినా అదే మాట అనుకునేవాళ్లు.

సుబ్బరత్నమ్మకు దగ్గు ఉగాదికి ముందు మొదలైంది. మొదట ఎవరూ పట్టించుకోలేదు. జీన్స్ కుట్టేచోట గాలిలో సన్నని నీలం నూగు తేలుతూనే ఉంటుంది. సాయంత్రం ముక్కు తుడుచుకుంటే కొంగుకు నీలం అంటుతుంది. దగ్గని వాళ్లే తక్కువ. ఊళ్లో డాక్టరు సిరప్పు ఇచ్చాడు, కఫం పరీక్ష చేయించాడు, టీబీ కాదన్నాడు. ఎక్స్‌రే తీయించాక మాత్రం మాట తగ్గించి, బళ్లారిలో ఒక ఆసుపత్రికి పొమ్మన్నాడు. అక్కడ స్కాన్ తీశారు. తర్వాత వీపు వైపు నుంచి సూది పెట్టి ఊపిరితిత్తి లోంచి చిన్న ముక్క తీశారు.

ఫలితం చెప్పే రోజున నందిని వస్తానంటే తల్లే ఆపింది. "లోడు పోయే దినం, సెట్టి అరుస్తాడు. నేనేమన్నా చిన్నపిల్లనా, తప్పిపోతానా?" అంది. పక్క మిషన్ చంద్రిక తోడు వెళ్లింది.

డాక్టర్ ఆశ్రిత వయసులో చిన్నదే. కుర్చీ దగ్గరికి జరుపుకుని నెమ్మదిగా చెప్పింది.

"అమ్మా, ఇది క్యాన్సర్. ఊపిరితిత్తిలో మొదలైంది. మీకు బీడీ, చుట్ట అలవాటు లేదు కదా. అలాంటివాళ్లలో ఒక్కోసారి జీన్స్‌లో తేడా వచ్చి ఇలా అవుతుంది. అందుకే ఈ ముక్కను జీన్ టెస్టుకు పంపుతాం. జీన్స్‌లోనే తేడా ఉందని తేలితే..."

దానికి మాత్రలున్నాయి అని ఆ వాక్యం ముగిసింది. సుబ్బరత్నమ్మ చెవి ముందే మూసుకుపోయింది. క్యాన్సర్ అన్న మాటకు ఆమె తల వంచుకుంది గానీ కదల్లేదు. ముక్క, జీన్సు, టెస్టు అన్న మాటలు ఒకదాని వెంట ఒకటి వచ్చేసరికి లేవబోయి మళ్లీ కూర్చుంది.

చంద్రిక మోచేత్తో పొడిచింది. "అక్కా, జీన్సంటాండాది."

"ఇన్నాలే."

"పంపమంటారా?" డాక్టర్ అడిగింది.

"వద్దు మేడం."

"ఎందుకమ్మా?"

"ఇంట్లో అడగాల."

"అడగండి. కానీ ఆలస్యం మంచిది కాదు. ఈ వారంలోనే మీ అమ్మాయిని తీసుకుని రండి. ఫోన్ నంబరు ఇచ్చి వెళ్లండి."

తిరుగు బస్సెక్కారు. కిటికీ బయట బీడు, రాళ్లగుట్టలు, మళ్లీ బీడు. ఊరు దగ్గర పడుతుంటే చంద్రిక ఆగలేకపోయింది.

"అక్కా, మనం పీల్చిన నూగే కదా?"

"నోర్ముయ్."

"నేనూ పీల్చినా కదక్కా."

"చంద్రికా, ఈ మాట యాడా అనొద్దు. నా లోపల్నుంచి తీసిన ముక్క టెస్టుకు పోయి, జీన్సు వల్లనే అని రాసినారనుకో, ఫస్టు సెట్టిని పట్టుకుంటారు. తాళమేస్తారు. ఒకటి మూసినాక ఇంగొకటి మూస్తారు. ఊరంతా ఈ పనే కదా. ఆ ఎండాకాలం మర్సిపోయినావా?"

"ల్యా, మర్సిపోలే."

"మల్ల? నా ఒక్కదాని దగ్గు కోసరం ఇంతమంది పొయ్యి ఆర్పాల్నా?"

"మల్ల నువ్వో?"

ముందు సీటు కింద సుబ్బరత్నమ్మ పాదం నొక్కుతూ వదులుతూ ఉంది. "ఒట్టెయ్," అంది చివరికి. చంద్రిక ఒట్టు వేసింది.

నందినికి చెప్పింది వేరు. ఊపిరితిత్తిలో నిమ్ముందట, మందులు వేసుకోవాలట, అంతే. రెండు రోజులకు బళ్లారి నుంచి ఫోను మొదలైంది. మోగినప్పుడల్లా సుబ్బరత్నమ్మ ఆపేసేది.

"ఎవరు మా?"

"లోను కంపెనీ. తీసుకో తీసుకో అని పానం తింటాండారు."

వేసవి ముదిరింది. మా కొట్టుకు వచ్చినప్పుడు ఆమె మెట్టు ఎక్కి, గోడ పట్టుకుని, ఊపిరి కూడగట్టుకుని తర్వాత మాట్లాడేది. ఇంకో నొప్పి కూడా మొదలైంది, నడుము కింద కుడివైపు తుంటి దగ్గర. దాన్ని ఎవరికీ చెప్పలేదు. వీపు లేని స్టూలు మీద పొద్దంతా కూర్చునే వాళ్లకు నడుము నొప్పి ఒక జబ్బా అనుకుంది.

ఒట్టు ఎక్కువ రోజులు నిలవలేదు. తప్పు చంద్రిక నోటిది కాదు, భయానిది. సుబ్బరత్నమ్మకు ఆయాసం ఎక్కువై తల్లీకూతుళ్లు రెండు రోజులు పనికి రాలేదు. ఆ మొదటిరోజే చంద్రిక ముక్కుకూ మూతికీ తువ్వాలు బిగించుకుని మిషన్ ఎక్కింది. పక్కనున్నవాళ్లు ఊరుకుంటారా?

"ఏమే, పెండ్లికూతురి మాదిరి ముసుగేసినావు?"

"కందిరీగ కుట్టిందేమో మూతికి, చూపీమే."

చంద్రిక మొదట ఉడుక్కుంది, తర్వాత ఏడ్చింది, ఏడుస్తూ చెప్పేసింది. సాయంత్రానికి ఆ మాట యూనిట్ దాటింది. జీన్సు కుడితే క్యాన్సరొస్తుందట, బళ్లారిలో టెస్టు చేస్తున్నారట. మర్నాడు సగం మిషన్లు ఖాళీ.

ఆ మధ్యాహ్నమే నాగేశ్వరయ్య సుబ్బరత్నమ్మ ఇంటికి వచ్చాడు. మనిషి మంచివాడే, నోరే ముందు నడుస్తుంది. చెప్పులు విడుస్తూనే అందుకున్నాడు.

"ఏమమ్మా సుబ్బరత్నమ్మా, నిన్ను ఏ పొద్దన్నా ఒక మాటన్నానా? నా మీద కేసేంటికమ్మా?"

"కేసు యాడిదన్నా?"

"మల్ల జీన్ టెస్టంట! బళ్లారిలో నా ప్యాంట్లు టెస్టు చేస్తాండారంట! ఆడోళ్లంతా మూతికి గుడ్డ కట్టుకోని ఇండ్లల్లో కూచున్నారు. లోడు యాడిదాడ్నే నిలబడుండాది."

లోపల రాగిపిండి కలుపుతున్న నందిని, చేతులకు పిండితోనే గుమ్మంలోకి వచ్చింది. "ఏం టెస్టు?"

"ఏం లేదు, నువ్వు పో."

"అమ్మా. ఏం టెస్టు?"

సుబ్బరత్నమ్మ కూతురి వైపు చూడలేదు. నాగేశ్వరయ్యతోనే, కొంచెం గర్వంగా అంది. "ఏం బయపడొద్దన్నా. వాళ్లు పంపుతామన్నారు. నేను ముక్కను పోనీయలే."

"పోనీయలేదా?"

"పోనీయలే."

నాగేశ్వరయ్య గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆయన ముఖంలో ముందు కనిపించింది ఊరట. ఆ ఊరటను నందిని చూస్తోందని తెలిసి, దాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియక తల దించుకున్నాడు. కాసేపటికి గొంతు తగ్గించి అడిగాడు.

"జబ్బేమని చెప్పినారమ్మా?"

ఆమె గుమ్మం దగ్గరి చెప్పుల వైపు చూసింది.

"అమ్మా!" అంది నందిని.

"క్యాన్సరంట."

నందిని పిండిచేతులతోనే తల్లి ఫోను అందుకుని, ఆపేసిన ఫోన్లన్నీ ఎక్కడి నుంచో చూసి, అదే నంబరుకు చేసింది. అవతల ఆసుపత్రిలో రోగులతో మాట్లాడే ఉద్యోగి సుష్మిత.

"సుబ్బరత్నమ్మ గారి అమ్మాయా? ఎన్నిసార్లు చేశామండీ, కట్ చేసేస్తున్నారు. అమ్మ ముక్క ఇక్కడే ఉంది, మైనంలో పెట్టి భద్రం చేశాం. మీరు సరే అంటే ఈ రోజే పంపిస్తాం."

నందిని తల్లి వైపు చూసింది. "ఇదా నీ లోను కంపెనీ?"

"పంపొద్దని చెప్పు."

"లేటయితే ఏమైతాది మేడం?" నందిని ఫోన్లో అడిగింది.

"డాక్టర్ గారితో మాట్లాడాలండీ. రేపే రండి."

ఫోను పెట్టేశాక ఆ ఇంట్లో పెద్ద రభసే జరిగింది. నందిని అరిచింది. "యూనిట్ మూస్తే ఇంగో పని చేసుకుంటాము. నువ్వు పోతే ఇంగో అమ్మ యాడ దొరుకుతాదే నాకు?" తల్లి కూడా తగ్గలేదు. "ఆ మాట చంద్రికతో చెప్పు. ముగ్గురు పిల్లోళ్లతో ఆ ఎండాకాలం అదేం తినిందో అడుగు, పో." ఇద్దరి మధ్యా నిలబడ్డ నాగేశ్వరయ్య చివరికి చెప్పులు వేసుకున్నాడు.

"పొద్దున కారు తెస్తా. అందరమూ పోదాం. ఆ డాక్టరమ్మతో నేను మాట్లాడతా. ఏదైతే అది అయితాది."

పొద్దున కారులో ఆయన ఒళ్లో ఒక కవరుంది. అందులో మడతపెట్టిన కొత్త ప్యాంటు. నడుంపట్టీ చూసి సుబ్బరత్నమ్మ తన కుట్టును గుర్తుపట్టింది గానీ అదెందుకని అడగలేదు. బళ్లారి దాకా ఆమె దగ్గు ఒక్కటే వినిపించింది.

డాక్టర్ గదిలో కూర్చోకముందే నాగేశ్వరయ్య కవరు విప్పి ప్యాంటును బల్ల మీద పరిచాడు.

"మేడం, ఇది మా సరుకు. కొత్త లాటు. దీన్ని టెస్టు చేయండి. తప్పని తేలితే యూనిట్‌కు నేనే తాళమేసుకుంటా, ఎవురూ రావాల్సిన పన్లేదు. ఆయమ్మను మాత్రం ఈ టెస్టు అయ్యేదాకా ఆపొద్దు. ఫస్టు మందియ్యండి."

డాక్టర్ ప్యాంటు వైపు చూసింది, ఆయన వైపు చూసింది. "ఇదేంటండీ?"

"జీన్సు మేడం."

సుబ్బరత్నమ్మ ముందుకు వంగి, ఎవరికీ అన్యాయం జరగకూడదన్నట్టు అడిగింది. "మేడం, నా ముక్కను ఏ ప్యాంటుతో సరిపోల్చి చూస్తారు? ఏంటికంటే, నేను కుట్టేది నడుంపట్టీ ఒగటే. మిగతాదంతా వేరేవాళ్లు."

డాక్టర్ ఆశ్రిత నవ్వుతుందేమో అనుకుంది నందిని. ఆమె నవ్వలేదు. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇందుకేనా అమ్మా వద్దన్నారు? ఇన్ని రోజులూ ఇందుకేనా?"

"మల్ల?"

"నేను రాయదుర్గం నుంచి వచ్చిన మనిషితో ఆ మాట అనకుండా ఉండాల్సింది," అని తనలో తాను అనుకున్నట్టు అని, డాక్టర్ చెప్పడం మొదలుపెట్టింది. "జీన్ అంటే ఈ ప్యాంటు కాదమ్మా. దీనికీ దానికీ ఏ సంబంధమూ లేదు. తెలుగులో జన్యువు అంటారు. సరే, మీ పనిలోనే చెప్తా. ఒక ప్యాంటు ఎలా కుట్టాలో మీ యూనిట్‌లో ఎక్కడ ఉంటుంది?"

"అట్టలుంటాయి మేడం," అంది నందిని. "ఒక్కో కొలతకు ఒక్కో అట్ట. గోడకు తగిలించి పెడతాము. ఏది కావాలంటే అది దించి, గుడ్డ మీద పెట్టి కత్తిరిస్తాము."

"అన్నీ ఒకేసారి దించుతారా?"

"దించితే నేనూరుకుంటానా?" అన్నాడు నాగేశ్వరయ్య. "పిల్లోళ్ల లాటు నడుస్తాంటే పెద్దోళ్ల అట్ట ముట్టనీయను."

"ఒంట్లో కూడా అంతే. మన ఒళ్లంతా కణాలు. కంటికి కనిపించవు. ప్రతి కణం దగ్గరా అన్ని అట్టలూ ఉంటాయి, కన్నుకు కావలసినవి, గోరుకు, ఊపిరితిత్తికి. ఆ అట్టలే జన్యువులు. ఊపిరితిత్తి కణం తన పనికి కావలసినవే దించుకుంటుంది, మిగతావి ముట్టుకోదు. ఏది ఎప్పుడు దించాలి, ఎప్పుడు తిరిగి తగిలించాలి అన్న పద్ధతి తప్పనంత కాలం మనం బాగుంటాం. మీలో ఆ పద్ధతి తప్పింది."

"ఎట్ల తప్పింది?" సుబ్బరత్నమ్మ అడిగింది.

"మీ మిషన్ కాలితో నొక్కితేనే నడుస్తుంది కదా. కణానికి కూడా పైన అలాంటి పెడల్ ఉంటుంది. ఇక పెరుగు అని బయటి నుంచి కబురొచ్చినప్పుడే అది నొక్కుకోవాలి. కొందరిలో ఆ పెడల్ తయారుచేసే అట్టలోనే చిన్న తప్పు పడుతుంది. అప్పుడది నొక్కుకునే ఇరుక్కుపోతుంది. ఏ కబురూ రాకపోయినా పెరుగుదల అట్టలన్నీ దిగుతూనే ఉంటాయి. కణం రెండవుతుంది, ఆ రెండూ నాలుగవుతాయి, ఆగవు."

సుబ్బరత్నమ్మ తన పాదం వైపు చూసుకుంది. అది నొక్కుతూ ఉంది. ఆపింది.

"పెడలు ఇరుక్కుంటే నాకు తెలుసు మేడం. సూది ఆగదు. గుడ్డుంటే గుడ్డ, ఏలుంటే ఏలు."

"అదే. మీలో ఇరుక్కుంది ఆ పెడలా, వేరే ఏదైనానా అని చూడడానికే మీ ముక్కను పంపుతామన్నాను. ఆ పెడల్ అయితే దాన్ని పట్టి ఆపే మాత్రలున్నాయి. కాకపోతే వేరే మందులు, వేరే దారి. తెలియకుండా ఏదో ఒకటి ఇవ్వడం నాకిష్టం లేదు."

"లేటయింది కదా మేడం," అంది నందిని. "ఏమైంటాది?"

డాక్టర్ బల్ల మీది ప్యాంటును దగ్గరికి లాక్కుని, కాలి పక్క కుట్టు మీద వేలు పెట్టింది.

"కణాలు ఇలా ఒకదానికొకటి కుట్టుకుని ఉంటాయి. ఎక్కడివక్కడ ఉండాలంటే ఆ కుట్టుండాలి. క్యాన్సర్ కణం కొన్నాళ్లకు ఆ కుట్టుదారం అట్టను పక్కన పడేస్తుంది. ఇంకో అట్ట దించుకుంటుంది. తల్లి కడుపులో ఒళ్లు తయారయ్యేటప్పుడు కణాలు ఒకచోటి నుంచి ఇంకోచోటికి నడవాలి. దానికొక అట్ట ఉంటుంది. ఆ పని అయిపోయాక దాన్ని ఎక్కడో పైన దాచేస్తుంది ఒళ్లు. ఈ కణం దాన్ని వెతికి మళ్లీ దించుకుంటుంది. కుట్టు విప్పుకుంటుంది, నడుస్తుంది, రక్తంలో పడుతుంది."

"పడి యాడికి పోతాది?"

"మెదడుకు పోవచ్చు. కాలేయానికి. ఎముకలకు."

"ఎముకలకు," అంది సుబ్బరత్నమ్మ. అడుగుతున్నట్టు లేదు. ఆమె కుడిచేయి తనంతట తానే తుంటి మీదికి పోయింది.

డాక్టర్ ఆ చేతిని చూసింది. "ఎన్నాళ్ల నుంచి అమ్మా?"

నందిని తల్లి వైపు తిరిగింది. "నాకెప్పుడూ చెప్పలేదే!"

"స్టూలు మీద కూచోని కూచోని అనుకుంటి."

నాగేశ్వరయ్య ఆ ప్యాంటును బల్ల మీది నుంచి మెల్లగా తీసి, మడతపెట్టి, ఒళ్లో పెట్టుకున్నాడు. అది ఇంక అక్కడ ఉండకూడదని ఆయనకు తోచినట్టుంది.

లేవబోతూ సుబ్బరత్నమ్మ ఆగింది. "మేడం, మల్ల ఆ నూగు సంగతి?"

నాగేశ్వరయ్య చేయి కవరు మీద ఆగిపోయింది.

"నూగు పీల్చడం మంచిదని చచ్చినా చెప్పను. దాని వల్లే ఇది వచ్చిందనీ చెప్పలేను. పొయ్యి పొగ కావచ్చు, గాలి కావచ్చు, ఊరికే జరిగి ఉండొచ్చు. ఈ టెస్టుకు అవేవీ తెలియవు. ఏ పెడల్ ఇరుక్కుందో ఒక్కటే తెలుస్తుంది."

"దీన్ని చూసి యూనిట్ మూయరు కదా?"

"ఎవరూ మూయరు."

"అయితే పంపండి. బిరీన పంపండి మేడం."

ముక్క వెళ్లింది. ఆ రోజే ఇంకో స్కాన్ తీశారు. తుంటి ఎముకలో చిన్న మచ్చ కనిపించింది. కుట్టు విప్పుకున్న కణాలు అక్కడికి నడిచాయి. మొదటిసారి వచ్చేనాటికే అది అక్కడ ఉందా, ఫోన్లు ఆపేసిన ఆ రోజుల్లో వచ్చిందా అని నందిని రెండుసార్లు అడిగింది. తెలియదన్నారు. ఆ జవాబుతో బతకడం ఆ పిల్లకు తేలిక కాలేదు. చంద్రిక అయితే గుమ్మంలో కూర్చుని, నా ఒట్టే నిన్ను చంపుతోంది అని ఏడ్చింది. సుబ్బరత్నమ్మ కసిరింది. "ఒట్టేయించింది నేను. ఏడ్చేది నేను ఏడుస్తా. నువ్వు పో, మిషన్ ఎక్కు."

ఫలితం కోసం ఎదురుచూసిన రోజులు ఆ ఇంటికి నరకం. ఆ పెడల్ తప్పు లేకపోతే దారి కష్టమని డాక్టర్ నందినికి విడిగా చెప్పి ఉంది. ఫోను మోగితే చాలు తల్లీకూతుళ్లిద్దరూ లేచి నిలబడేవాళ్లు. ఒకసారి నిజంగానే లోను కంపెనీ వాళ్లు చేశారు. నందిని తిట్టిన తిట్లకు అవతలి మనిషి క్షమించమని అడిగి పెట్టేశాడు. అన్ని రోజుల్లో తల్లి నవ్వడం ఆ ఒక్కసారే.

కబురు వచ్చినప్పుడు ఇద్దరూ యూనిట్‌లోనే ఉన్నారు. ఇంట్లో ఉంటే పిచ్చెక్కుతుందని సుబ్బరత్నమ్మ దారాలు కత్తిరించే బల్ల దగ్గరికి వచ్చి కూర్చునేది. కరెంటు పోయి మిషన్లన్నీ ఒక్కసారిగా ఆగాయి. ఆ నిశ్శబ్దంలో ఫోను మోగింది. సుష్మిత గొంతు అందరికీ వినిపించింది.

"నందినీ, రిపోర్టు వచ్చింది. ఉంది."

"ఏముండాది మేడం?"

"డాక్టర్ గారు చెప్పిన తప్పు ఉంది. ఆ పెడలే."

నందిని ఫోను పట్టుకుని కింద కూలబడింది. చంద్రిక కేక పెట్టింది. ఏం జరిగిందో సరిగ్గా తెలియని వాళ్లు కూడా లేచి వచ్చి సుబ్బరత్నమ్మ చుట్టూ మూగారు. నాగేశ్వరయ్య తుండుతో ముఖం తుడుచుకుంటూ అన్నాడు. "ముక్కలో తప్పుండాదంటే ఇంతమంది సంతోషపడే టెస్టు నా జన్మలో చూడలేదప్పా!"

మాత్రలు మొదలయ్యాయి. ముఖమంతా మొటిమల్లా లేచింది, గోళ్ల పక్కన పుండ్లు పడ్డాయి, విరేచనాలు ఆగలేదు. తుంటికి కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించారు. కానీ దగ్గు తగ్గింది. ఒకరోజు మా కొట్టు మెట్టు ఎక్కి, గోడ పట్టుకోకుండానే టీ అడిగింది. ఆ మాత్రలు ఎప్పటికీ పనిచేస్తాయని ఆమె అనుకోవడం లేదు. డాక్టర్ దాచలేదు. పెడల్‌ను పట్టి ఆపితే, కణం కొన్నాళ్లకు ఇంకో పెడల్ వెతుక్కోవచ్చు, దాచిపెట్టిన ఇంకో అట్ట దించుకోవచ్చు. అప్పుడు మళ్లీ ముక్క తీయాలి, మళ్లీ చూడాలి. ఆ తర్వాత ఈ జబ్బు గురించి నాకు దొరికినవి చదువుకున్నాను. ఎంత చదివినా ఆ గదిలో ఆమె విని వచ్చి నాకు చెప్పినదాని కంటే సులువుగా ఎక్కడా దొరకలేదు.

యూనిట్‌లో నూగు లాగే ఫ్యాను ఒకవైపు బిగించారు. రెండోది వచ్చే నెల అని నాగేశ్వరయ్య ప్రతి నెలా అంటాడు. సుబ్బరత్నమ్మ మధ్యాహ్నం దాకా పనిచేసి వెళ్లేముందు, "అన్నా, రెండో ఫ్యాను," అని ఒక మాట ఆయన చెవిన వేసి పోతుంది. ఆయన చిరాకు పడతాడు, కాదనడు.

ఇంకోటి కూడా మారింది. ఆ యూనిట్‌లో ఇప్పుడు ఎవరైనా అర్థం కాని మాట చెబితే ఎవరూ తలూపరు. సుబ్బరత్నమ్మ డాక్టర్ని అడిగినట్టు "ఏ ప్యాంటు?" అంటారు. బ్యాంకులోనూ అంతే, బడిలో అయ్యవారి దగ్గరా అంతే. విన్నవాళ్లకు వింతగా ఉంటుంది.

మొన్న స్కాన్ చూపించుకోవడానికి బళ్లారి వెళ్లారు. తోడు చంద్రికే. గదిలో డాక్టర్ తెర మీద బొమ్మలు అటూ ఇటూ జరుపుతూ చాలాసేపు చూసింది. సుబ్బరత్నమ్మ కాలు ఆగిపోయింది.

"స్టేబుల్‌గా ఉందమ్మా. రెస్పాన్స్ బాగుంది," అంది డాక్టర్.

చంద్రిక మోచేత్తో పొడిచింది. అవసరం లేకపోయింది.

"ఏ ప్యాంటు, మేడం?" అంది సుబ్బరత్నమ్మ.

డాక్టర్ చేతిలోని పెన్ను కింద పెట్టి, కుర్చీ ఆమె వైపు తిప్పుకుంది. "ఊపిరితిత్తిలోది తగ్గింది. ఎముకలోది ఎక్కడిదక్కడే ఉంది. కొత్తగా ఎక్కడికీ నడవలేదు."

"ఇంగ నడవదా?"

"అది చెప్పలేను. మూడు నెలలకు మళ్లీ చూద్దాం."

"ఇది అర్థమాయె," అని సుబ్బరత్నమ్మ లేచి నిలబడింది.